చూలాలు – ఇంటిపెద్దలు

ఓరుగంటి కోటలోని శిలాతోరణములను చూడవచ్చినవారు కాకతీయుల పరాక్రమమును గూర్చియు, వారు త్రవ్వించిన చెరువులను గూర్చియు, వేయిస్తంభముల గుడిని గూర్చియు చెప్పుకొందురు. నేను బడిలో చరిత్ర బోధించిన ముప్పది సంవత్సరములును పిల్లలకు ఇవియే చెప్పితిని. రుద్రమదేవి కత్తిపట్టి యుద్ధము చేసినదని చెప్పితిని. ఆమె కాలమున చూలాండ్రకై యొక శాల యేర్పడినదని మాత్రము చెప్పలేదు. పాఠ్యపుస్తకములో ఆ సంగతి లేకుండుట యొక కారణము. అది ఆడువారి సంగతి, తరగతిలో నెందులకను నా సంకోచము రెండవ కారణము. ఇప్పుడు వార్ధకమున ఆ సంకోచమును విడిచి, మీవంటి పెద్దలయెదుట ఆ సంగతియే చెప్పదలచితిని.

దానిని తెలుపు శాసనము మన వరంగల్లులో లేదు. కృష్ణానది దక్షిణపుటొడ్డున, గుంటూరు జిల్లాలో, మందడమునకు చేరువనున్న మల్కాపురమున నొక రాతికంబముపై నున్నది. దాని కాలము శకవర్షము 1183, అనగా క్రీ.శ. 1261. ఓరుగంటి గణపతిదేవ చక్రవర్తికి దీక్షాగురువు విశ్వేశ్వర శివాచార్యులు. చక్రవర్తి ఆయనకు మందడమును దానమీయగా, కుమార్తె రుద్రమదేవి దానితోపాటు వెలగపూడిని గూడ చేర్చి ధారవోసెను. ఆచార్యులు ఆదాయమును మూడుపాళ్లు చేసిరి. ఒక పాలు శివునికి. ఒక పాలు విద్యార్థుల భోజనమునకును శైవమఠమునకును. మూడవ పాలు ప్రసూతిశాలకును, ఆరోగ్యశాలకును, బ్రాహ్మణ సత్రమునకును. వేదములు చెప్పువారితోడను, శాస్త్రములు చెప్పువారితోడను పాటు ఒక వైద్యుడును, లెక్కలు వ్రాయు కాయస్థుడు నొకడును అచట నియమింపబడిరి.

రాణిగారి దాతృత్వమును పొగడుట నా యుద్దేశము కాదు. పొగడువారు చాలమంది యున్నారు. ఆ శాసనమున నాకు నచ్చినది వేరొకటి. ఆరోగ్యశాల వేరు, ప్రసూతిశాల వేరు అని వారు రెండుగా వ్రాసిరి. చూలు రోగము కాదు. కాని రోగము కాదుగదా యని ఇంటిమూల విడిచిపెట్టదగినదియు కాదు. దానికొక చోటును, తెలిసిన చేతులును, ఊరి ఆదాయములో నొక పాలును కావలెను. ఆ రాతిపై నున్న ప్రసూతిశాల యను పదమునుండి నేను గ్రహించిన యర్థమిది. ఇది గ్రహించుటకు నాకు చాలకాలము పట్టినది. ఏల యనిన, దీనికి విరుద్ధమైన పాఠమును మా యింటనే చూచితిని.

1956వ సంవత్సరము. మా మేనత్తకు పందొమ్మిదేండ్లు; తొలిచూలు. ఏడవనెలలో ఆమెను పుట్టినింటికి, అనగా మా యింటికి, తోడ్కొని వచ్చిరి. ఎనిమిదవనెల నిండుచుండగా పాదములు వాచినవి. ఇరుగుపొరుగు ముసలమ్మలు చూచి, కడుపుతో నున్నప్పుడది సహజమే యనిరి. వారి మాట యబద్ధము కాదు. సాయంకాలమగునప్పటికి చీలమండల యొద్ద కొంచెము నీరుదిగుట పెక్కుమంది చూలాండ్రకు కలుగును. కాని తరువాత ముఖ ముబ్బెను, చేతిగాజులు బిగిసెను, తల పగులుచున్నదని, కన్నుల యెదుట మిణుగురులు తిరుగుచున్నట్లున్నదని ఆమె చెప్పెను. అప్పుడును అదే మాట. మా తాత ఊరిలో తెలుగును ఉర్దూను చదివినవాడు. పదిమంది తగవులు తీర్చువాడు. తుదకాయన నడిగిరి. తొలిచూలుగదా, సహజమే యని ఆయనయు ననెను. మూడవనాటి రాత్రి ఈడ్పులు వచ్చినవి. గాలి సోకినదని యొకరనిరి. వేపమండలు తెమ్మని యొకరనిరి. తెల్లవారుజామున గూడుబండి కట్టిరి. వరంగల్లు పదునాలుగు మైళ్లు. త్రోవలోనే తల్లియు, కడుపులోని బిడ్డయు పోయిరి. నాకప్పుడు ఆరేండ్లు. బండి తిరిగివచ్చుట చూచితిని.

మా తాత దుర్మార్గుడు కాడు, మూఢుడును కాడు. కూతురిపై ఆయనకు ప్రాణము. ఆయనకు తెలియనిది ఒక్కటే: ఏది సహజము, ఏది కాదు అను గీత యెచ్చట నున్నదో తెలియదు. ఆ గీతను కనుగొనుటకు లోకమునకే వేలయేండ్లు పట్టెను. నేడు నేను చెప్పునది ఆ గీత చరిత్ర.

వేవిళ్లతో మొదలుపెట్టెదను. నెల తప్పిన రెండు మూడు వారములకు నోట నీరూరుట, పోపు వాసనకు కడుపులో త్రిప్పుట, ఉదయమున వాంతులు. ఇవి తెలియని యిల్లు లేదు. సాధారణముగా నాలవనెల నాటికి తగ్గును. మన ప్రాచీనులు దీనిని చక్కగా గమనించిరి. చూలాలికి కలుగు కోరికలను దౌహృదమనిరి. నాలవ మాసమున కడుపులోని బిడ్డకు హృదయము వ్యక్తమగును గనుక ఆమె రెండు హృదయములు గలది, ఆమె కోరికను కాదనరాదు అని సుశ్రుతసంహిత చెప్పుచున్నది. శాస్త్రదృష్టిచే ఆ కారణము సరికాకపోవచ్చును. కాని ఆ నియమమువలన కోడలికి తినబుద్ధియైనది దొరకినది. అత్తవారింట నోరు తెరచి యేదియు నడుగలేని కాలమున అది చిన్నమేలు కాదు. వేవిళ్లకు కారణము మాత్రము నిన్న మొన్నటివరకు తేలలేదు. మావియు బిడ్డయు పుట్టించు జి.డి.ఎఫ్. 15 అను హార్మోను తల్లి మెదడుపై పనిచేయుటయే ముఖ్యకారణమని 2023లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. కాబట్టి వాంతులు చేసికొను కోడలిని సోమరియనియు, గారాబమనియు అనువారు ఇకనైనను మానవచ్చును.

ఇచ్చట గీత యేదన, త్రాగిన నీరైనను కడుపులో నిలువకపోవుట, మూత్రము తగ్గి ముదురురంగు తిరుగుట, లేచి నిలిచిన కన్నులు చీకట్లు క్రమ్ముట. ఇవి వచ్చిన పిదప నిమ్మకాయ వాసన చూపుచు కూర్చుండరాదు, సెలైను ఎక్కింపవలెను.

వేవిళ్లను గూర్చి మరియొక సంగతి చెప్పక విడువరాదు. 1957లో జర్మనీ దేశమున థాలిడోమైడ్ అను నిద్రమందు అంగడికి వచ్చెను. మిక్కిలి నిరపాయకరమని ప్రకటించిరి. వేవిళ్లకును మంచిదని అనేక దేశములలో చూలాండ్ర కిచ్చిరి. నాలుగేండ్లలో చేతులు లేకయు, కాళ్లు లేకయు వేలకొలది శిశువులు పుట్టిరి. ఆస్ట్రేలియాలో మెక్‌బ్రైడు, జర్మనీలో లెంజ్ అను వైద్యులు దాని దోషమును బయటపెట్టగా 1961 చివర జర్మనీలో ఆ మందును ఆపివేసిరి. తల్లి మ్రింగినది బిడ్డకు చేరదను నమ్మకము ఆనాటితో పోయినది. మన యూళ్లలో తలనొప్పి యనినను, నడుమునొప్పి యనినను మందుల దుకాణమున చీటి లేకుండ రెండు బిళ్లలు తెచ్చి యిచ్చుట యింకను ఉన్నది. చూలాలికి ఆ పని చేయువారు ఈ కథ వినవలెను. పసరుమందులకును ఇదే మాట వర్తించును. ఆకునుండి వచ్చినదంతయు సాధువు కాదు.

ఇక మన్నుతినుట. కాళిదాసు రఘువంశములో సుదక్షిణాదేవి గర్భవతియై మన్ను తినగా, దిలీపమహారాజు ఆమె ముఖమున ఆ మట్టివాసనను ఆఘ్రాణించి తృప్తిపడలేదని మూడవ సర్గలో నున్నది. పుట్టబోవు కుమారుడు భూమినంతయు ననుభవింపగలడనుటకు అది సూచనయట. కవి కల్పన మనోహరము. మన యింటి ఆడువారు రహస్యముగా బలపములు, గోడపెళ్లలు, పచ్చిబియ్యము తినుటయు ఇట్టిదే. పెద్దలు నవ్వి యూరకుందురు. కాని నేటి వైద్యులు ఆ నవ్వులో పాలుగొనరు. ఒడలిలో ఇనుము తరిగినవారికి మన్నుపై ఆశ కలుగుట మెండుగా కనబడుచున్నదని వారందురు. అనగా మహారాజు ఆఘ్రాణించి మురిసిన ఆ వాసన, రాణి రక్తహీనతకు గురుతై యుండవచ్చును! మట్టితోపాటు నులిపురుగుల గ్రుడ్లును కడుపులోనికి పోవును. అవి యున్న రక్తమును పీల్చును.

ఈ రక్తహీనతను గూర్చి చెప్పుటకు నాకు మక్కువ యెక్కువ, ఏలయనిన దీని చరిత్రలో మన తెలుగువా డొకడున్నాడు. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, బట్టలమిల్లులలో పనిచేయు బీద చూలాండ్రకు వచ్చు ఘోరమైన పాండురోగమును పరిశోధించెను. ఇనుము ఇచ్చినను ఆ రోగము లొంగలేదు. వారి తిండిని పరిశీలించి, ఈస్టునుండి తీసిన మార్మైటు అను చౌకపదార్థము తినిపించగా రక్తము పుంజుకొనెను. 1931లో ఆ సంగతి ప్రకటించెను. అందులోనున్న గుణకారి వస్తువేదో అప్పటికి తెలియదు. భీమవరమున 1895లో పుట్టి, మద్రాసులో వైద్యము చదివి, అమెరికాకు పోయిన యల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకుడై యుండగా, ఆయన బృందము 1945లో దానిని కృత్రిమముగా తయారుచేసెను. అదియే ఫోలిక్ ఆమ్లము. ఆయన 1948లో, స్వదేశమునకు తిరిగి రాకయే, ఏబదిమూడవ యేట మరణించెను. చూలు నిలుచుటకు ముందునుండియే ఈ బిళ్ల తినినచో బిడ్డకు వెన్నెముక సరిగా మూసికొనని లోపము చాలవరకు తప్పునని 1991లో ఇంగ్లండున ప్రకటింపబడిన పరిశోధన నిరూపించెను.

నేడు ఆశా కార్యకర్త మీ యింటికి తెచ్చి యిచ్చు ఎఱ్ఱబిళ్లలో 60 మిల్లీగ్రాముల ఇనుమును, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లమును ఉన్నవి. నాలవనెల మొదలు దినమున కొకటి చొప్పున 180 దినములు, కాన్పైన పిదప మరల 180 దినములు తినవలెను. మొదటి మూడునెలలకు ఫోలిక్ బిళ్లయే వేరుగా నిత్తురు. ఇంత సులభమైనను 2019–21 కుటుంబారోగ్య సర్వేలో మన తెలంగాణమున పరీక్షింపబడిన చూలాండ్రలో సగముకంటె నెక్కువమంది రక్తహీనులు! బిళ్లలు లేక కాదు. మలము నల్లబడుచున్నదని భయపడి మానువారు కొందరు; బిడ్డ నల్లగా పుట్టునని, మరీ లావుగా పెరిగి కాన్పు కష్టమగునని అత్తగారు మాన్పించువారు కొందరు. మలము నల్లబడుట ఇనుమువలన కలుగు నిజమైన సహజము. దానివలన కీడు లేదు. బిడ్డరంగు బిళ్లలో లేదు. తేనీరుతో మ్రింగిన ఇనుము ఒంటబట్టదు. నిమ్మరసము, ఉసిరి, జామపండు తోడైన చక్కగా ఒంటబట్టును.

బిడ్డ లావగునని అన్నము తగ్గించుటయు ఈ తీరు భయమే. ప్రసవమున అపాయము కలిగినప్పుడు కోసి తీయు వైద్యుడు లేని కాలమున, చిన్నబిడ్డ సులువుగా పుట్టునను ఆశతో ఈ యాచారము పుట్టియుండును. దానిని నేను పరిహసింపను. ఇప్పుడు దానివలన నష్టమే గాని లాభము లేదు. బలహీనముగ పుట్టిన బిడ్డకు ప్రతిగాలియు శత్రువే. 2015 జనవరి 1నుండి మన రాష్ట్రమున ఆరోగ్యలక్ష్మి యను పేర అంగన్‌వాడీలో చూలాలికి దినమునకొక పూట భోజనము, గ్రుడ్డు, పాలు నిచ్చుటకు ఏర్పాటైనది. కోడలు పదిమందిలో కూర్చుండి తినుటయా యని దానిని మాన్పించిన పెద్దల నెరుగుదును. గ్రహణము పట్టిన దినమున చూలాలిని చీకటిగదిలో తిండి నీరు లేక పరుండబెట్టుటను గూర్చి యేమి చెప్పుదును? బిడ్డపెదవి చీలుటకును రాహువునకును సంబంధము లేదు. దప్పిచే సొమ్మసిల్లుట మాత్రము కన్నులయెదుటి నిజము. బొప్పాయి విషయమున పెద్దల మాటలో కొంత సారమున్నది. పచ్చికాయ పాలలోని పదార్థము గర్భకోశమును ముడుచుకొనజేయునని ఎలుకలపై పరీక్షలలో కనబడెను; బాగుగ పండిన పండు మితముగా తినిన కీడు కలుగునని రుజువు లేదు.

వాపులు, ఈడ్పులు అను విషయమునకు వత్తును. మా మేనత్తకు వచ్చినది గాలి కాదు. రక్తపుపోటు హెచ్చి, మూత్రమున మాంసకృత్తులు పోయి, మెదడుకెక్కిన గుర్రపువాతము. ఈ వ్యాధి ప్రాచీనమైనదే. కాని ఈడ్పులు రాకముందే దానిని పసిగట్టు సాధనము లేకుండెను. 1896లో ఇటలీలో రివా-రోచి యను వైద్యుడు చేతికి గాలిపట్టీ చుట్టి రక్తపుపోటు కొలుచు యంత్రమును నిర్మించెను. ఈనాడు ఉపకేంద్రమున ఏ.ఎన్.ఎం. అమ్మ చేతికి చుట్టునది దాని సంతానమే. అయిదు నిమిషముల పని. పై సంఖ్య 140గాని, క్రింది సంఖ్య 90గాని చేరినచో ఇక ఇంటివైద్యము పనికిరాదు. మెగ్నీషియము సల్ఫేటు అను చౌకయైన ఉప్పును సూదిద్వారా ఎక్కించినచో ఈడ్పులు మరల రాకుండుట యధికమని, మనదేశము గూడ పాల్గొనిన పెద్దపరీక్షలో 1995న స్థిరపడెను. అంతకు దశాబ్దముల ముందే వైద్యులు దానిని వాడుచుండిరి. కనుక 1956లోనే మా మేనత్త బ్రదుకుటకు వీలుండెను. బండి రెండుదినములు ముందు కట్టవలసినది.

కాళ్లవాపు మాత్రమే యైన కాళ్లు ఎత్తుపై పెట్టుకొని పరుండిన తగ్గును. ముఖము, చేతులు ఉబ్బినను, తలనొప్పి విడువకున్నను, చూపు మసకబారినను, పొట్టపైభాగమున నొప్పి కలిగినను ఆ దినమే పోవలెను. నడుమునొప్పి, గుండెలో మంట, మలబద్ధము, మాటిమాటికి మూత్రమునకు పోవుట, కాలిపిక్కలు పట్టుకొనుట. ఇవి బాధలే, కాని సామాన్యముగా ఓర్చుకొనదగినవి. మూత్రమున మంట, జ్వరము ఓర్చుకొనదగినవి కావు. ఏ నెలలోనైనను రక్తము కనబడుట, ఉమ్మనీరు పోవుట, అయిదవనెల తరువాత కదలుచున్న బిడ్డ కదలిక తగ్గుట సహజము కానేకావు. ఇందులో మూడవదానిని కనిపెట్టగలది తల్లి యొక్కతెయే. ఆమె చెప్పినచో నమ్మవలెను.

మన్యపు జ్వరమును గూర్చి వరంగల్లువారు ప్రత్యేకముగా తెలియదగును. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రోనాల్డు రాస్ దోమకడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. ఏటూరునాగారపు అడవులు మనకు దూరము కావు. చూలాలికి ఈ జ్వరము వచ్చిన ఆమె రక్తమును హరించుటయే గాక మావిలో చేరి బిడ్డను బలహీనపరచును. చూలు దిగవడుటయు కలదు. దోమతెర ఒక్కటే యింట నున్నచో అది యింటిపెద్ద మంచమునకు గాక చూలాలి మంచమునకు కట్టదగినది.

ఇప్పుడు మంత్రసానిని గూర్చి న్యాయముగా మాటాడవలెను. మన యూళ్లలో పెక్కుచోట్ల చాకలి, మంగలి కుటుంబముల స్త్రీలు తరతరములుగా ఈ పని చేసిరి. బిడ్డ అడ్డము తిరిగినదో లేదో చేతితో తడిమి చెప్పగల నేర్పరు లుండిరి. వారికి దక్కినది కొన్ని గింజలు, ఒక పాతచీర, అంటరానిపురుడను మాట. వారి చేతులయందు దోషమున్నదనిన, అది వారికి మాత్రమే చెందిన దోషము కాదు. 1847లో వియన్నా నగరపు గొప్పయాసుపత్రిలో, శవములను కోసిన చేతులతోనే వైద్యులు ప్రసవములు చేయుచుండగా, ఒక విభాగమున ఏప్రిల్ నెలలో నూటికి 18మంది బాలింతలు పురిటిజ్వరమున చనిపోయిరి. సెమ్మెల్వైసు అను వైద్యుడు క్లోరినునీటితో చేతులు కడిగించగా రెండు నెలలలో ఆ సంఖ్య నూటికి 2 అయ్యెను. పండితులగు వైద్యులాతని మాటను చాలకాలము పరిహసించిరి! చదువుకొన్నవారే యట్లుండగా, మట్టిమిద్దెలో కొడవలితో బొడ్డుకోసిన మన మంత్రసానిని నిందింప నేల? ఆ కొడవలివలనను, బొడ్డుపై పూసిన పేడవలనను పసిబిడ్డలు ధనుర్వాతమున పోయిరి. టీకాలు, శుభ్రమైన బ్లేడు వచ్చిన పిదప ఆ వ్యాధి తగ్గి, 2015లో భారతదేశమున తల్లీశిశువుల ధనుర్వాతము నిర్మూలితమైనదని ప్రపంచారోగ్యసంస్థ ధ్రువపరచెను. ఇంత గొప్పవార్త మన యూళ్లలో నొక్క టపాసయినను ప్రేల్చకయే గడచిపోయినది.

ఆసుపత్రుల కథ క్లుప్తముగా చెప్పెదను. మద్రాసు ఎగ్మూరు ప్రసూతివైద్యశాల 1844 నాటిది. 1885లో డఫరిన్ ప్రభువుగారి భార్య స్త్రీవైద్యమునకై నిధిని స్థాపించెను. 1903లో కర్జన్ ప్రభువుగారి భార్య మంత్రసానుల శిక్షణకై వేరొక నిధిని కూర్చెను. నిజామురాజ్యమున హైదరాబాదు మూసీయొడ్డున జనానా ఆసుపత్రి 20వ శతాబ్ది తొలినాళ్లలో లేచెను; ప్రజలు దానిని జజ్జిఖానా యనిరి. వరంగల్లున కాకతీయ వైద్యకళాశాల 1959లో, మా మేనత్త పోయిన మూడేండ్లకు, ఏర్పడెను. నేడు వరంగల్లులో చందా కాంతయ్య స్మారక ప్రసూతివైద్యశాలయు, హనుమకొండలో ప్రభుత్వ ప్రసూతివైద్యశాలయు ఉన్నవి.

1946లో భోరు కమిటీ మనదేశమున ఏటేట సుమారు 2 లక్షలమంది తల్లులు కాన్పు సంబంధమైన కారణములచే మరణించుచున్నారనియు, సజీవజననములు వేయింటికి ఇరువదిమంది తల్లులు పోవుచున్నారనియు అంచనా వేసెను. అనగా లక్షకు 2000. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2001–03 నాటికి అది లక్షకు 195. తెలంగాణమున 2018–20 నాటికి 43. ఈ మూడు సంఖ్యలను ఒకదానిక్రింద నొకటి వ్రాసి చూడుడు. రాజులు గెలిచిన యుద్ధములను నేను బడిలో చాల చెప్పితిని. ఇంతటి గెలుపు వానిలో నాకు కనబడలేదు.

గెలుపుతోపాటు క్రొత్త పొరపాటు కూడ వచ్చినది. ఇందులో మనబోటి పెద్దలకు నేరుగా పాలున్నది. 2019–21 సర్వేప్రకారము తెలంగాణమున కాన్పులలో నూటికి 60.7 కడుపుకోసి తీసినవే. దేశమున మరి యే రాష్ట్రమునను ఇంత లేదు. తల్లిప్రాణమునకో బిడ్డప్రాణమునకో అవసరమైనప్పుడు ఆ శస్త్రము దైవసమానము. కాని పంచాంగము చూచి, పలానా నక్షత్రమున పలానా ఘడియకు బిడ్డను తీయుడని వైద్యుల నడుగుట యేమి? నెలలు నిండకముందు తీసిన బిడ్డకు ఊపిరి కష్టమగును. తల్లికి మరుసటి చూలున మావి పాతగాటుపై నంటుకొని ప్రాణాపాయము కలుగవచ్చును. జాతకము జననమునుబట్టి వ్రాయునది. జాతకమునుబట్టి జనన మేర్పరచుట మన పూర్వులెరుగని శాస్త్రము.

మనయూరి పనిపాటలను గూర్చి కూడ ఒకమాట. వరంగల్లుసీమ ప్రత్తిసీమ. పురుగుమందు చల్లుచున్న చేనిలో చూలాలిని ఉంచరాదు. మందుడబ్బాలను, చల్లినవాని బట్టలను ఆమెచే కడిగింపరాదు. చూలాలిని నిండా నూనె నింపిన పాత్రను తొణకక మోయునట్లు కాపాడవలెనని చరకుడు చెప్పినది ఇప్పటి చేలకు చక్కగా వర్తించును. పండుగనాడు ఒక ముంత కల్లు చూలాలికి బలమను మాట మన ప్రాంతమున నున్నది. కల్లు బిడ్డమెదడునకు చేటు. ఇంత త్రాగిన కీడులేదను మితము ఎవరును చూపలేదు. పొగచుట్ట, బీడీ త్రాగు మగవారు వాకిటికి పోయి త్రాగుదురుగాక. ఇక తండ్రికాబోవువాడు చేయవలసిన పని యొకటి యున్నది. కాన్పైన వెనుక రక్తము ఆగకపోవుట తల్లుల మరణములకు మొదటి కారణము. అట్టివేళ గంట గడువకముందే తల్లికి రక్త మెక్కింపవలసి యుండును. భార్యకొరకు రక్తమిమ్మనిన పారిపోవు వీరులను ఆసుపత్రి వాకిట నేను చూచితిని. ఎనిమిదవనెలలోనే ఇద్దరు ముగ్గురు దాతలను మాటాడి యుంచుట, 102 బండికి, ఆపద యైనచో 108 బండికి ఫోను చేయుట యింటిలోని ప్రతివానికి నేర్పియుంచుట ఆయన పని, మన పని.

మా తాత సంగతి చెప్పి ముగించెదను. మేనత్త పోయిన పిదప ఆయన చాలదినములు మాటాడలేదు. మరుసటి సంవత్సరమునుండి మా యూర ఏ కులమువారి యింటనైనను చూలాలికి ఎనిమిదవనెల వచ్చినదని తెలిసినచో, ఆయన గూడుబండిలో మెత్తగా వరిగడ్డి పరపించి, దానిపై బొంత వేయించి, ఒక జత యెడ్లను పొలమునకు పంపక కొట్టమున కట్టియుంచెడివాడు. దుక్కి నాళ్లలో కూడ అంతే. కొడుకులు విసుగుకొనిన వినకుండెడివాడు. కారణము చెప్పెడివాడు కాడు. ప్రతి ఆదివారము ఆ యింటికి పోయి గుమ్మము వెలుపలనే నిలిచి, అమ్మాయి ముఖము ఉబ్బినదా, తలనొప్పి యేమైన ననుచున్నదా యని అడిగి వచ్చెడివాడు. ఆయన యుండగా ఆ బండి ఏడుమార్లు వరంగల్లు పోయినది. ఏడుమార్లును తల్లితోనే తిరిగివచ్చినది.